గంజి పెట్టిన ఖాకీ చొక్కా

పెరట్లో తీగ మీద ఖాకీ చొక్కా రేకులాగా బిగుసుకుని ఆరుతోంది. సెల్లమ్మాళ్ దగ్గరికి పోయి కాలరు మీద వేలితో మీటింది. అప్పడం మీద మీటినట్టు టక్కుమంది. ఆమె ముఖం విప్పారింది. రేషను బియ్యపు గంజి, చిటికెడు ఉప్పు, పాత పంచెగుడ్డలో వడకట్టడం. పెనిమిటి వీరప్ప కానిస్టేబులుగా ఉన్నన్నాళ్లూ అదే పద్ధతి. ఆయన డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోతే, ఆ ఉద్యోగం కొడుక్కి ఇచ్చారు. కొడుకు గోకులకృష్ణన్ ఇప్పుడు హెడ్ కానిస్టేబులు, వీధిలో అందరికీ ఏట్టయ్య. చొక్కాలో మనిషి మారాడు గాని గంజి మారలేదు.

పక్క సందులో పవర్‌లూములు అప్పుడే మొదలయ్యాయి. సూలూరులో ఆ చప్పుడు లేకపోతే తెల్లవారినట్టే ఉండదు. మనవడు శబరి బడి బస్సు ఎక్కేశాడు. కోడలు సుజిత టిఫిన్ క్యారియర్ మూత బిగిస్తూ పెరటి గుమ్మంలోకి వచ్చి, తీగ మీద చొక్కా చూసి ఆగిపోయింది.

"ఏంటికత్తా ఇప్పుడు దీన్ని ఉతికినారు?"

"ఏంటికా? శుక్రవారం తిలకవతి పాపకి చెవులు కుట్టేది ఉండాది. తాయ్‌మామన్, మేనమామ, ఒళ్లో కూచోబెట్టుకోవద్దా? ఆస్పత్రి లుంగీతో వస్తాడా?"

"డాక్టరమ్మ ఏం చెప్పిందో మీకు చెప్తిని కదా. కొంచేపు బయటికి పంపిస్తాము, కానీ యూనిఫారం వద్దు, డ్యూటీ మాటే వద్దు అనింది."

"ఆ డాక్టరమ్మకి దిండిగల్ సంబందుల, ఆ వియ్యాలవాళ్ల నోళ్లు తెలుసునా?" అంది సెల్లమ్మాళ్. "నిద్ర పట్టలేదని ఆస్పత్రిలో పడుకునేవాణ్ణి వీణ్ణే చూస్తుండాను. వాళ్ల నాయన నిలబడే నిద్రపోయేవాడు, తెలుసునా?"

సుజిత నోరు తెరిచేలోపు పక్కింటి గోడ మీంచి కోమలవల్లి తల లేచింది. చేతిలో వేళ్లతో సహా పీకిన నేల ఉసిరి కట్ట. "సెల్లమ్మక్కా, మళ్లీ తెచ్చినాను. మజ్జిగలో నూరి పొయ్యండి. ఎంత ముదిరిన కామెర్లయినా దిగిపోతాయి."

"అయ్యో, మీకెందుకమ్మా శ్రమ," అంటూ సెల్లమ్మాళ్ కట్ట అందుకుంది. గోడ మీంచి తల దిగగానే దాన్ని తీసుకుపోయి ఆవు ముందు పడేసింది. వీధికి ఆమె చెప్పిన రోగం కామెర్లు. ఆ మాట అన్నప్పటినుంచీ రోజూ ఒక కట్ట వస్తోంది. ఆవు కూడా ఇప్పుడు నేల ఉసిరిని చూస్తే మొహం తిప్పుకుంటోంది.

అసలు సంగతి సుజితకొక్కదానికే తెలుసు. ఒకనాడు పొద్దున గోకులకృష్ణన్ డ్యూటీకి బయల్దేరబోయి, అరుగు మీద కూర్చుని, బెల్టు చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. కాఫీ ఇస్తే చల్లారిపోయింది. "సుజీ, ఇది బిగిస్తే ఊపిరి ఆడడం లేదు. రాత్రిళ్లు గార్డు డ్యూటీలో తుపాకి పక్కన కూచుంటే భయంగా ఉండాది. దాన్ని చూసి కాదు, నన్ను చూసి," అన్నాడు. ఆమె మెట్ల మీదే కూలబడింది. అతనే లేచి స్టేషనుకు పోయి, తుపాకి అప్పగించి, ఇన్‌స్పెక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పి, ఆస్పత్రి చీటీ రాయించుకుని కోయంబత్తూరు పోలీసాస్పత్రిలో చేరాడు. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందోనని సుజితకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అత్తకు మాత్రం బీపీ, నిద్రలేమి అని చెప్పి ఊరుకుంది. తుపాకి మాట చెబితే ఈ మనిషి ఆ రోజునుంచి అన్నం ముట్టదని ఆమె భయం.

ఫోను మోగింది. దిండిగల్‌నుంచి ఆడబిడ్డ తిలకవతి. సెల్లమ్మాళ్ ఎప్పటిలాగే స్పీకరు పెట్టింది.

"అమ్మా, అన్న వస్తుండాడు కదా? యూనిఫారంలోనే రమ్మని చెప్పు. ఇక్కడ మా అత్తగారు ఏమంటుండాదో తెలుసునా? మీ అన్నను సస్పెండు చేసినారంట కదా, ఎంత లంచం తిన్నాడు అని నవ్వుతుండాది. నలుగురి ముందర, అమ్మా!"

"ఎవరా మాటన్నది? నేనొచ్చి ఆ నోటికే సూది పెడతాను!"

"నువ్వు రావడం కాదు, అన్న రావాల. నా పెళ్లిలో గేటు దగ్గర అన్న ఖాకీలో నిలబడినాకే కదా వీళ్లు అణిగినారు. కానిస్టేబులు కూతురని నన్ను ఎట్లా చూసినారో మర్చిపోయినావా? ఇన్నేళ్లకు ఒక బిడ్డ పుట్టింది. దాని చెవులు కుట్టేనాడైనా నా తల ఎత్తి పెట్టండమ్మా."

తిలకవతి ఏడుపు ఫోనులోంచి పెరడంతా పరుచుకుంది. అది నటన కాదని సుజితకూ తెలుసు. సెల్లమ్మాళ్ ఫోను కట్టేసి, తీగ మీంచి చొక్కా, ప్యాంటు లాగింది. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి, మడత మీద మడత పెట్టి నొక్కింది. వాటిని పట్టుచీర కొన్న నాటి సంచిలో పెట్టి, బీరువా మేకుకు తగిలించిన బెల్టు తీసి పైన చుట్టగా ఉంచింది.

"పద. ఈ రోజు నేనూ వస్తాను. కన్నతల్లి ఫోను ఎత్తడు కదా, ఎదురుగా నిలబడి అడుగుతాను."

బస్సులో అత్తా కోడళ్లు పక్కపక్కన కూర్చున్నారు. సంచి సెల్లమ్మాళ్ ఒళ్లో ఉంది. సింగానల్లూరు దాటాక సుజిత, "అత్తా, ఆ బెల్టైనా ఇట్లా ఇవ్వండి, నా బ్యాగులో పెట్టుకుంటాను," అంది. సెల్లమ్మాళ్ సంచిని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

పోలీసాస్పత్రి మగవాళ్ల వార్డులో అందరికీ ఒకటే నీలం గీతల లుంగీ. ఎవరు పెద్ద, ఎవరు చిన్న చూసి చెప్పలేం. అయినా పడకల మీదే పడుకుని "అయ్యా" అనేవాళ్లు, "ఏమయ్యా" అనేవాళ్లు ఉంటారు కాబట్టి కాసేపు వింటే తెలిసిపోతుంది. గోకులకృష్ణన్ పక్క పడక రత్నసభాపతిది. మదురై వైపు మనిషి, రిటైరయిన ఇన్‌స్పెక్టరు, మోకాలికి ఆపరేషను అయ్యింది. మొదటిరోజు సుజిత మొగుణ్ణి తెలుగులో కోప్పడుతుంటే విని, "ఓహో, మనవాళ్లేనా! అయితే ఇంకొంచెం గట్టిగా తిట్టమ్మా, చెవికి ఇంపుగా ఉండాది," అని చుట్టరికం కలుపుకున్నాడు.

గోకులకృష్ణన్ కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది, చెంపలు లోపలికి పోయాయి. కాని కళ్లకింద నలుపు కొంచెం తగ్గిందని సుజితకు తోచింది. తల్లిని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏమమ్మా, ఇంత దూరం?"

"దూరమా? నువ్వు పెట్టినావురా దూరం," అంది సెల్లమ్మాళ్. "ఇక్కడికి రాకముందర కూడా నేను ఫోను చేస్తే కట్ చేసేవాడివి. ఇప్పుడు స్విచాఫ్. తల్లి బతికుండాదా, పోయిందా తెలుసుకోవాలని లేదా నీకు?"

అతను తల వంచుకున్నాడు. సుజిత "అత్తా, మెల్లిగా," అంది.

"నువ్వు ఊరుకో! మెల్లిగా, మెల్లిగా అంటూనే వాణ్ణి మంచానికి కట్టేసినావు. ఒరేయ్, నీ చెల్లెలు అక్కడ ఏడుస్తుండాది. ఒక్క పొద్దు. ఈ చొక్కా తొడుక్కుని వచ్చి బిడ్డను ఒళ్లో పెట్టుకుని మళ్లీ వచ్చి పడుకో, ఎవరు వద్దన్నారు? ఇంట్లో మొగదిక్కు లేనప్పుడు ఈ ఖాకీనేరా మనకు అన్నం పెట్టింది. అది తొడుక్కునేదానికి అంత బరువైపోయిందా?"

"అమ్మా, ఆయనకి బాగా లేదు," అన్నాడు పక్క పడక మీంచి రత్నసభాపతి.

"మీకు కాలు బాగా లేదు, కట్టు కనబడుతుండాది. వీడికి ఏం బాగా లేదో చూపించమనండి, నేను నోరు మూసుకుంటాను!"

గోకులకృష్ణన్ తల్లి ముఖంకేసి ఒకసారి చూశాడు. చిన్నప్పుడు నెత్తిన నూనె పెట్టించుకునేందుకు కూర్చున్నట్టు, సంచి అందుకుని తెర వెనక్కి పోయాడు. సుజిత అడ్డం పోబోతే చెయ్యి అడ్డం పెట్టి వద్దన్నాడు. కాసేపటికి బయటికి వచ్చాడు. గంజి చొక్కా అతని భుజాల మీద అట్టముక్కలా నిలబడింది. లోపల మనిషి సగమయ్యాడని అప్పుడు తెలిసింది.

"చూడు, ఎంత లక్షణంగా ఉండావో!" అంది సెల్లమ్మాళ్. బెల్టు తీసి ఇచ్చింది.

అతను బెల్టు నడుముకు చుట్టుకుని బిళ్ల తగిలించబోయాడు. ముల్లు రంధ్రంలోకి పోవడం లేదు. మళ్లీ ప్రయత్నించాడు. వేళ్లు వణుకుతున్నాయి. నుదుటి మీద చెమట బిందువులు కట్టింది. ఎట్లాగో బిగించాడు. అప్పుడే సెల్లమ్మాళ్ కొంగుముడిలో ఉన్న ఫోను గట్టిగా మోగింది.

గోకులకృష్ణన్ గోడకు చేరగిలబడిపోయాడు. గాలికోసం నోరు తెరిచాడు, గాలి అందలేదు. "ఎత్తు... ఎత్తమ్మా... ఎవరో ఒకరు ఎత్తండి దాన్ని," అన్నాడు. అలాగే జారి నేలమీద కూర్చున్నాడు. సుజిత పరుగున పోయి అత్త కొంగులోంచి ఫోను లాగి ఆపేసింది. నర్సు వచ్చి అతని ముందు కూర్చుని, "నన్ను చూడండి, మెల్లిగా పీల్చండి, మెల్లిగా వదలండి," అని అరవంలో చెబుతోంది.

ఊపిరి కొంచెం కుదుటపడ్డాక అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. తల్లిని చూస్తూ చెప్పాడు.

"హైవే మీద మిల్లు వ్యాను బోర్లా పడింది కదమ్మా, ఆరోజు మొదట పోయింది నేనే. అందరూ ఆడబిడ్డలు. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోతుండారు. వరసగా పండబెట్టినాము. కొంచేపటికి ఫోన్లు మోగడం మొదలైంది. ఒకటి ఆగితే ఇంకొకటి. తీసి చూస్తే అద్దం మీద 'అమ్మ' అని ఉండాది. ఇంకొకటి తీస్తే దాని మీదా అమ్మ. ఎత్తి ఏమని చెప్పేది? ఎత్తకపోతే మళ్లీ చేస్తుండారు. మా పెద్ద ఆఫీసర్లు పిలిచి, నువ్వే ఎత్తి చెప్పు, నీకు బాగా మాట్లాడే నోరుందన్నారు. ఎత్తినాను. ఒక్కొక్కటీ ఎత్తినాను." అతను ఆగాడు. "నీ ఫోను వచ్చినా అదే కనబడుతుందమ్మా. అమ్మ అని. ఎత్తలేను."

సెల్లమ్మాళ్ నిలబడ్డచోటే ఉంది. ఆ వ్యాను సంగతి ఆమెకు తెలుసు. ఊరంతా చెప్పుకున్నారు. ఆరోజు కొడుకు ఇంటికి వచ్చి స్నానం చేసి మళ్లీ డ్యూటీకి పోయాడనీ తెలుసు. ఇడ్లీలు తిన్నాడా లేదా అని మాత్రమే అప్పుడు అడిగింది.

ఆమె కళ్లు కొడుకు నడుము మీద ఆగిపోయాయి. బెల్టు చివర పట్టుకున్న ఆ వేళ్లు. వీరప్ప కూడా చివరి కాలంలో పొద్దున్నే అరుగు మీద కూర్చుని బెల్టును ఇట్లాగే చేతిలో తిప్పుతూ ఉండేవాడు. "ఏమి, బద్ధకమా? కాఫీ చల్లారుతుండాది, తాగి కదలండి," అనేది ఆమె. ఆయన నవ్వి లేచేవాడు. ఒకరోజు అట్లాగే నవ్వి లేచి పోయాడు. తిరిగి నడిచి రాలేదు.

సెల్లమ్మాళ్ మోకాళ్ల మీద కూర్చుంది. కొడుకు నడుము దగ్గర చేతులు పెట్టి బిళ్ల విప్పింది. బెల్టు లాగి దూరంగా నేలమీద వేసింది. మెడ దగ్గర గుండీ తీసింది. గంజికి అతుక్కుపోయిన రెండో గుండీ గోటితో పెళ్లగించి తీసింది. చొక్కా తెరుచుకున్నాక లోపల గంజి ఒరుసుకున్న మెడ మీద ఎర్రటి గీత కనబడింది. దాన్ని కొంగుతో తుడిచింది, తుడిస్తే పోయేదైనట్టు.

"నన్ను కూడా మెల్లిగా పీల్చమని చెప్పమ్మా," అంది నర్సుతో. అప్పుడు ఏడ్చింది.

శుక్రవారం కులదైవం గుడి దగ్గర షామియానా వేశారు. తిలకవతి కూతురు దర్శినికి గుండు గీసి చందనం పూశారు. బంగారం పనిచేసే ఆసారి సూది, బంగారు తీగ పళ్లెంలో పెట్టుకుని కూర్చున్నాడు. అందరి చూపూ రోడ్డు మీదే. తిలకవతి అత్తగారు వక్క కొరుకుతూ అడగనే అడిగింది. "ఏమి సంబందీ, ఏట్టుగారు కనబడరే? జీపులో వస్తుండారా?"

తిలకవతి కళ్లతో బతిమాలింది తల్లిని. కామెర్లని చెప్పు, డ్యూటీ అని చెప్పు, ఏదో ఒకటి చెప్పు. సెల్లమ్మాళ్ లేచి నిలబడింది. గోడ మీంచి నేల ఉసిరి ఇచ్చే కోమలవల్లి కూడా ఎదురుగానే కూర్చుని ఉంది.

"రాడు. పోలీసాస్పత్రిలో ఉండాడు. కామెర్లు కాదు, సస్పెండూ కాదు. చూడకూడనిది చూసి వాడి మనసు అలిసిపోయింది. తుపాకి పక్కన కూచుంటే తనంటే తనకే భయంగా ఉండాదని వాడే పోయి చెప్పి, వాడే చేరినాడు." ఆ మాట నిన్న రాత్రి సుజిత అన్నం పెడుతూ చెప్పింది. అన్నం ముట్టదనుకున్న మనిషి, విని, కన్నీళ్లతోనే కలుపుకుని తినేసింది. "ఇది చెప్పేదానికి నాకు సిగ్గు లేదు. ఇన్నాళ్లు దాచినందుకు ఉండాది."

షామియానా కింద గుసగుస మొదలైంది. సంబందమ్మ వక్క నమలడం ఆపింది. "పాపం," అని, అంతలోనే, "అయితే ఇంకెవరి ఒళ్లోనైనా కూచోబెట్టి కానిచ్చేద్దాం. ముహూర్తం పోతుండాది," అంది.

తిలకవతి మొగుడు గోవిందరాజ్ మాట తక్కువ మనిషి. అమ్మ ముందర ఎప్పుడూ నోరు విప్పడు. అతను చందనం గుండుతో ఉన్న కూతుర్ని భుజాన వేసుకున్నాడు. "ఒడి అక్కడ ఉంటే చెవులు ఇక్కడ కుడితే ఎట్లామ్మా? ఆసారీ, పళ్లెం ఎత్తుకో. బండి తియ్యండి."

తిలకవతి తల్లికేసి చూడకుండా ముందు పోయి కారులో కూర్చుంది. సగం దారి దాటింది. తర్వాత సుజిత చెయ్యి పట్టుకుని, "నాకెందుకు చెప్పలేదు వదినా? నేను ఖాకీ, ఖాకీ అని ప్రాణం తీసినాను కదా," అంది. ఆ చెయ్యి ఆస్పత్రి గేటు దాకా వదల్లేదు.

ఆస్పత్రి ఆవరణలో వేపచెట్టు కింద నర్సు ఒక బెంచీ వేయించింది. డాక్టరమ్మ వచ్చి సూదిని మరిగించేదాకా ఒప్పుకోలేదు. వార్డులో లేవగలిగిన వాళ్లంతా నీలం గీతల లుంగీల్లో వచ్చి చుట్టూ నిలబడ్డారు. రత్నసభాపతి చక్రాల కుర్చీలో కూర్చుని, "ఎవరక్కడ గాలికి అడ్డం? క్రమంగా నిలబడండయ్యా!" అని బందోబస్తు చేస్తున్నాడు.

గోకులకృష్ణన్ పంచె కట్టుకుని, పాత తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాడు గాని చేతులు చాచలేదు.

"నా చెయ్యి వణుకుతుంది గోవిందరాజ్. పాప తల కదలకుండా పట్టుకోవాల. నావల్ల కాదు."

"వణికితే వణకనీ," అంది సెల్లమ్మాళ్. దర్శినిని అతని ఒళ్లో కూర్చోబెట్టి, తాను వెనక నిలబడింది. కొడుకు చేతుల మీద తన చేతులు వేసింది. ఆ నాలుగు చేతుల మధ్య చందనం పూసిన చిన్న గుండు నిలిచింది.

ఆసారి గురి చూసి గుచ్చాడు. దర్శిని ఒక్క క్షణం ఏం జరిగిందో తెలియనట్టు చూసి, ఆవరణ అదిరిపోయేలా "అమ్మా!" అని కేకేసింది.

గోకులకృష్ణన్ ఒళ్లు బిగుసుకుంది. ఆ పిలుపు. సుజిత ఒక అడుగు ముందుకు వేసింది. కాని అప్పటికే తిలకవతి వంగి, "ఇదిగో కన్నూ, ఇదిగో అమ్మ, ఇక్కడే ఉండాను," అంటోంది. పాప తల్లి వేలు పట్టుకుని, ముఖం మాత్రం మామ చొక్కాలో దాచుకుని వెక్కుతోంది. అతను ఆ పిడికిలిని, అది పట్టుకున్న వేలిని చూస్తూ ఉండిపోయాడు. పిలిస్తే పలికిన అమ్మను. కాసేపటికి అతని భుజాలు కదలడం మొదలైంది. పాప ఏడుపులో కలిసిపోయి పెద్దగా ఏడ్చాడు.

"ఊరుకోరా," అనబోయింది సెల్లమ్మాళ్. అనలేదు. వాడి తలను తన కడుపుకు ఆనించుకుంది. రెండో చెవి కుట్టేదాకా ఎవరూ తొందరపెట్టలేదు. సంబందమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

సాయంత్రం సుజిత ఇంటికి వచ్చేసరికి పెరట్లో పెద్ద బకెట్టు నిండా నీళ్లు. అందులో ఖాకీ బట్టలు మునిగి ఉన్నాయి. సెల్లమ్మాళ్ పీట మీద కూర్చుని, వాటిని పిసికి, తెల్లబడిన నీళ్లు కొబ్బరిచెట్టుకు పోసి, మళ్లీ మంచినీళ్లు పడుతోంది.

"మళ్లీ ఉతుకుతున్నారేమత్తా? మొన్ననే కదా గంజి పెట్టినారు?"

"ఆ గంజే తీస్తుండాను." చొక్కా ఎత్తి చూపింది. అది చేతుల మీంచి మెత్తగా వేలాడింది. "బీరువాలో పెడతాను. తొడుక్కుంటానంటే మెత్తగా ఉంటుంది. వద్దంటే శబరి సైకిలు తుడుచుకుంటాడు. నా బిడ్డ కంటేనా గుడ్డ?"

సుజిత కొంగు దోపుకుని బకెట్టుకు అటువైపు కూర్చుంది. చొక్కా రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ చెరోవైపు నుంచి పిండసాగారు. అంతలో అరుగు మీద ఉన్న ఫోను మోగింది. సెల్లమ్మాళ్ తడి చేతులతోనే లేచి పోయి చూసింది. ఆమెకు చదువు రాదు, కాని కొడుకు నంబరుకు శబరి పెట్టిచ్చిన బొమ్మ తెలుసు. ఇన్నాళ్లుగా మోగని బొమ్మ అది.

"అమ్మా," అన్నాడు గోకులకృష్ణన్ అవతలినుంచి. "తిన్నావా?"